రాజ్యాంగం ఎవరి సమ్మతితో వచ్చింది, ఎవరి చేతిలో మారుతుంది: హైస్కూలు పాఠంపై ఒక సమీక్ష

2023 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం బడుల్లోనూ కాలేజీల్లోనూ రాజ్యాంగ పీఠిక చదివించాలని నిర్ణయించింది. ఆ ఏడాది సెప్టెంబరు 15న, అంతర్జాతీయ ప్రజాస్వామ్య దినోత్సవం నాడు, రాష్ట్రమంతటా సామూహిక పఠనం జరిగింది. 2024 ఆరంభంలో రాజ్యాంగ జాగృతి జాతా జిల్లాలు తిరిగి, ఫిబ్రవరిలో బెంగళూరు ప్యాలెస్ మైదానంలో జరిగిన సదస్సుతో ముగిసింది. విశ్రాంత న్యాయమూర్తి హెచ్.ఎన్. నాగమోహన్‌దాస్ కన్నడంలో రాసిన ‘సంవిధాన ఓదు’ బడులకూ కాలేజీలకూ చేరింది. పిల్లలకు రాజ్యాంగం నేర్పాలన్న విషయంలో ఇప్పుడు ఎవరికీ పేచీ లేదు. ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి అన్న దగ్గరే గొడవంతా ఉంది.

ఈ గొడవ ముదరడానికి కారణం, వేర్వేరు ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలిసిపోవడం. రాజ్యాంగం ఎలా వచ్చిందన్నది చరిత్ర ప్రశ్న. దాన్ని ఎందుకు గౌరవించాలన్నది విలువల ప్రశ్న. దాన్ని ఎవరు, ఎంతవరకు మార్చవచ్చన్నది అధికారం గురించిన ప్రశ్న. మొదటిదానికి తేదీల పట్టిక, రెండోదానికి ప్రతిజ్ఞ, మూడోదానికి సవరణల జాబితా ఇచ్చి పాఠం అయిపోయిందనుకుంటున్నాం. మూడింటినీ కలిపే దారం సమ్మతి. ఆ దారం పట్టుకుని ఈ చర్చలో ఇంతవరకు ఏం తేలిందో, ఏం తేలలేదో చూడడమే ఈ వ్యాసం పని.

ఆమోదం: ఢిల్లీలో ఒక కథ, మైసూరులో మరొకటి

పాఠ్యపుస్తకాల్లో కనిపించే వరస అందరికీ తెలిసిందే. రాజ్యాంగ సభ 1946 డిసెంబరు 9న మొదటిసారి సమావేశమైంది. డిసెంబరు 13న నెహ్రూ లక్ష్యాల తీర్మానం ప్రవేశపెట్టారు. 1947 ఆగస్టు 29న అంబేడ్కర్ అధ్యక్షతన ముసాయిదా సంఘం ఏర్పడింది. ముసాయిదాపై 7,635 సవరణ ప్రతిపాదనలు వస్తే, సభలో 2,473 చర్చకు వచ్చాయి. 1949 నవంబరు 26న సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది. 1950 జనవరి 24న సభ్యులు సంతకాలు చేశారు, 26న అది అమల్లోకి వచ్చింది.

ఈ వరసలో ఒక మెట్టు కనిపించదు. అమెరికాలో 1787లో ఫిలడెల్ఫియా సభ రాసిన పత్రం అక్కడితో రాజ్యాంగం కాలేదు. పదమూడు రాష్ట్రాల్లో కనీసం తొమ్మిది రాష్ట్రాల ప్రత్యేక సభలు ఒప్పుకుంటేనే అది చెల్లుతుందని ఆ పత్రమే షరతు పెట్టింది. మన రాజ్యాంగం అలా రాష్ట్రాల గడప తొక్కలేదు, ప్రజాభిప్రాయ సేకరణకూ వెళ్లలేదు. బ్రిటిష్ రాజు ఆమోదాన్నీ కోరలేదు. పైగా 395వ అధికరణం 1947 నాటి భారత స్వాతంత్ర్య చట్టాన్నే రద్దు చేసింది. మన అధికారం మనదేనని, లండన్ ఇచ్చింది కాదని చెప్పడానికి తీసుకున్న జాగ్రత్త అది.

అంతటితో కథ పూర్తి కాదని బెంగళూరు విద్యార్థికి చెప్పాలి. సంస్థానాల దారి వేరు. ‘మైసూరు చలో’ ఉద్యమం తర్వాత 1947 అక్టోబరులో మైసూరులో బాధ్యతాయుత ప్రభుత్వం వచ్చింది. కోలారు జిల్లాకు చెందిన కె.సి. రెడ్డి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మైసూరుకు సొంత రాజ్యాంగ సభ కూడా ఏర్పడింది. సౌరాష్ట్ర, తిరువాన్కూరు-కొచ్చిన్‌లకూ అలాంటి సభలు ఉండేవి. మొదట్లో సంస్థానాలు వేటికవే రాజ్యాంగం రాసుకోవాలన్న ఆలోచన సాగింది. 1949 మేలో సంస్థానాల ప్రధానులు ఢిల్లీలో సమావేశమై దాన్ని పక్కనబెట్టారు. సంస్థానంలో రాజ్యాంగ సభ ఉంటే దాని తీర్మానం ఆధారంగానే అక్కడి పాలకుడు భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తాడని అక్టోబరు 12న పటేల్ రాజ్యాంగ సభకు వివరించారు. నవంబరు 25న, అంటే ఢిల్లీలో ఆమోదానికి సరిగ్గా ఒక రోజు ముందు, మహారాజు జయచామరాజ ఒడెయరు భారత రాజ్యాంగమే మైసూరు రాజ్యాంగమని ప్రకటన చేశారు.

అదే నెలలో హైదరాబాదులో భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజాం ఫర్మానా వెలువడింది. అయితే అప్పటికి హైదరాబాదు సైనిక గవర్నరు పాలనలో ఉంది. ఢిల్లీ రాజ్యాంగ సభలో ఆ సంస్థానానికి ప్రతినిధులే లేరు. ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాష్ట్రం ద్వారా దుర్గాబాయి, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, పట్టాభి సీతారామయ్య, ఎన్.జి. రంగా వంటివారిని పంపింది. మచిలీపట్నంలో పుట్టి మైసూరు దివానుగా పనిచేసిన ఎన్. మాధవరావు ముసాయిదా సంఘంలో కూర్చున్నారు. తెలుగువాళ్లు ఒకే రాజ్యాంగం కిందికి మూడు దారుల్లో వచ్చారు: ఎన్నికైన ప్రతినిధుల ద్వారా మద్రాసు నుంచి, సొంత సభ తీర్మానం, మహారాజు ప్రకటన ద్వారా మైసూరు నుంచి, ఫర్మానా ద్వారా హైదరాబాదు నుంచి. ఆమోదం అంటే ఏమిటో తరగతిలో చర్చించడానికి ఇంతకన్నా మంచి సామగ్రి దొరకదు. పాఠాల్లో దీనికి చోటు దాదాపు లేదు.

సవరణ: నాలుగు రకాల మార్పు

సవరణ పాఠం సాధారణంగా 368వ అధికరణం దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. నిజానికి విద్యార్థి గుర్తుపట్టాల్సిన మార్గాలు నాలుగు.

ఒకటి, మామూలు చట్టం. రాష్ట్రాల ఏర్పాటు, పేర్లు, సరిహద్దులు 3వ అధికరణం కిందికి వస్తాయి. రాజ్యాంగం మొదటి షెడ్యూలు మారినా దాన్ని సవరణగా లెక్కించరు. మైసూరు 1973లో కర్ణాటక అయింది ఈ దారిలోనే. 2014లో తెలంగాణ ఏర్పడిందీ ఈ దారిలోనే. శాసనసభ అభిప్రాయం అడగాలి, కానీ ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదు. పునర్విభజన బిల్లును 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తిరస్కరించినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 1985లో రద్దయి 2007లో మళ్లీ రావడం కూడా మామూలు మెజారిటీ చట్టాలతోనే సాధ్యమైంది.

రెండు, ప్రత్యేక మెజారిటీ. ప్రతి సభలో మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు మద్దతివ్వాలి. మూడు, ఆ మెజారిటీతో పాటు కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం. రాష్ట్రపతి ఎన్నిక, న్యాయవ్యవస్థ, ఏడో షెడ్యూలు, పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యం, 368వ అధికరణమే మారేటప్పుడు ఇది తప్పదు. 2016 నాటి జీఎస్టీ సవరణ ఈ దారిలో వచ్చింది. రాష్ట్రాల ఆమోదం అన్న భావన మన రాజ్యాంగంలో నిజంగా పనిచేసేది ఇక్కడే.

నాలుగోది అధికరణాల్లో రాసి లేదు, తీర్పుల్లో ఉంది. 1967లో గోలక్‌నాథ్ కేసులో ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నాయకత్వంలోని మెజారిటీ, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించరాదని చెప్పింది. 1971లో 24వ సవరణ దానికి జవాబిచ్చింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 7-6 తేడాతో మధ్యేమార్గం వెలిసింది. పార్లమెంటు ఏ అధికరణాన్నైనా మార్చవచ్చు, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపరాదు. ఆ మెజారిటీలో హైదరాబాదుకు చెందిన పి. జగన్మోహన్ రెడ్డి, కర్ణాటకకు చెందిన కె.ఎస్. హెగ్డే ఉన్నారు.

ఈ వాదంలో రెండు మలుపులు బెంగళూరువే. బెంగళూరులోని మినర్వా మిల్లును జాతీయం చేయడంపై వచ్చిన కేసులో, 42వ సవరణలోని కీలక భాగాలను 1980లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పార్లమెంటు సవరణాధికారానికి ఏ హద్దూ లేదన్న 368(5) అప్పుడే చెల్లకుండా పోయింది. విద్యార్థి ఇవాళ రాజ్యాంగం ప్రతి తెరిస్తే ఆ వాక్యం ఇంకా అచ్చులో కనిపిస్తుంది. చెల్లదని చెప్పేది పేజీ కింద ఉన్న చిన్న అక్షరాల పాదసూచిక. అచ్చులో ఉన్నదంతా అమల్లో ఉన్నట్టు కాదన్న సంగతి ఆ ఒక్క పేజీతో తెలిసిపోతుంది. రెండోది బొమ్మై కేసు. బలనిరూపణకు అవకాశం ఇవ్వమన్న ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మై విన్నపాన్ని పక్కనబెట్టి, గవర్నరు పెండేకంటి వెంకటసుబ్బయ్య నివేదికల ఆధారంగా 1989 ఏప్రిల్ 21న కర్ణాటకలో రాష్ట్రపతి పాలన విధించారు. బలం తేలాల్సింది సభలోనేనని, లౌకికత్వం మౌలిక స్వరూపంలో భాగమని 1994 మార్చి 11న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది.

చరిత్రకారుల వాదాలు

పాఠం ఎలా ఉండాలన్నది, రాజ్యాంగ రచనను ఎలా అర్థం చేసుకుంటామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ మూడు ధోరణులు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటిది స్థాపకుల కథ. గ్రాన్‌విల్ ఆస్టిన్ 1966లో రాసిన పుస్తకం రాజ్యాంగ సభను ఏకాభిప్రాయం కోసం ఓపికగా పనిచేసిన వేదికగా చూపింది. ప్రజాస్వామ్యంలో జీవిస్తూనే ప్రజలు ప్రజాస్వామ్యం నేర్చుకుంటారని స్థాపకులు నమ్మారన్నది 2020లో మాధవ్ ఖోస్లా వాదన. మన పుస్తకాల్లో ఎక్కువ భాగం ఈ ధోరణికే దగ్గరగా ఉంటాయి.

రెండోది విమర్శ. రాజ్యాంగ సభలో ఎక్కువమంది సభ్యులను ఎన్నుకున్నది ప్రాంతీయ శాసనసభలు. ఆ శాసనసభలను 1946లో ఎన్నుకున్నది ఆస్తి, చదువు, పన్ను అర్హతలున్న కొద్దిమంది. వయోజన ఓటు మీద ఎన్నిక కాని సభకు ఈ అధికారం ఎక్కడిదని దామోదర్ స్వరూప్ సేఠ్ వంటివారు సభలోనే అడిగారు. సవరణల విషయంలోనూ ఇదే ప్రశ్న. 1951 జూన్‌లో తొలి సవరణ చేసింది ఎన్నికైన పార్లమెంటు కాదు, తాత్కాలిక పార్లమెంటుగా మారిన రాజ్యాంగ సభే. ఆ సవరణ భావప్రకటన స్వేచ్ఛపై పరిమితులు పెంచిందని 2020లో త్రిపుర్‌దమన్ సింగ్ గట్టిగా విమర్శించారు. అదే సవరణ మద్రాసులో చంపకం దొరైరాజన్ కేసు తర్వాత రిజర్వేషన్లకు 15(4)తో పునాది వేసిందని, భూసంస్కరణలను కాపాడిందని అవతలివైపు వాదన.

మూడోది ప్రజల వైపు నుంచి రాసిన చరిత్ర. రాజ్యాంగం ఇంకా పూర్తి కాకముందే వయోజన ఓటర్ల జాబితాలు తయారుచేయడంలో ప్రజాస్వామ్యం ఎలా పుట్టిందో ఓర్నిట్ షానీ 2018లో చూపించారు. అదే ఏడాది రోహిత్ డే, చిన్న వ్యాపారులు, కసాయివాళ్లు, వేశ్యలు వేసిన పిటిషన్ల ద్వారా రాజ్యాంగాన్ని సామాన్యులు ఎలా తమది చేసుకున్నారో వివరించారు. ఈ దృష్టిలో ఆమోదం ఒక్క రోజు జరిగిన సంఘటన కాదు, ప్రజలు దాన్ని వాడుకుంటూ కొనసాగించిన పని.

మూడూ ఒకదాన్ని ఒకటి పూర్తిగా కొట్టేయవు. మొదటిది ఆకాంక్ష చెబుతుంది, రెండోది లోటు చూపుతుంది, మూడోది ఆ లోటు ఎలా పూడిందో అడుగుతుంది. హైస్కూలు పాఠం మొదటిదాని దగ్గరే ఆగిపోవడం అసలు లోపం.

పాఠ్యపుస్తకాల ప్రయాణం

చాలాకాలం పౌరశాస్త్రం అంటే పదవులు, అర్హతలు, కాలపరిమితులు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ ధోరణిని ప్రశ్నించింది. దాని తర్వాత వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పుస్తకం రాజ్యాంగ రచన పాఠాన్ని దక్షిణాఫ్రికాలో మండేలా కథతో మొదలుపెట్టింది. పదకొండో తరగతి పుస్తకంలో సవరణలను జీవమున్న పత్రం అన్న భావంతో వివరించారు. పన్నెండో తరగతి చరిత్ర పుస్తకంలో రాజ్యాంగ సభ ప్రసంగాల భాగాలే చేర్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చివరి రోజుల్లో వచ్చిన పదో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకం మరో అడుగు వేసింది. నేపాల్, జపాన్ పీఠికలను మన పీఠిక పక్కన పెట్టి పోల్చమంది, రాజ్యాంగ సభ చర్చలను చదివించింది.

కొత్త పద్ధతితో పాటు వివాదాలూ వచ్చాయి. 2012 మేలో పదకొండో తరగతి పుస్తకంలోని ఒక పాత కార్టూన్ అంబేడ్కర్‌ను కించపరుస్తోందని పార్లమెంటులో నిరసన వ్యక్తమైంది. ముఖ్య సలహాదారులు సుహాస్ పల్షీకర్, యోగేంద్ర యాదవ్ రాజీనామా చేశారు. కర్ణాటకలో 2022 పాఠ్యపుస్తకాల సవరణ సమయంలో అంబేడ్కర్‌ను రాజ్యాంగ శిల్పిగా పేర్కొనే మాట పోయిందని ఆందోళన జరిగితే, దాన్ని తిరిగి చేరుస్తామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. 2023లో ప్రభుత్వం మారగానే పుస్తకాలు మళ్లీ మారాయి. ఈ కుదుపుల మధ్య ఉపాధ్యాయులు వివాదం లేని తేదీల దగ్గరికి వెనక్కి జరిగితే తప్పు పట్టలేం.

నాలుగు బోధనా పద్ధతులు: ఏది ఏమిస్తుంది

సమాచార పద్ధతి తేదీలు, అధికరణాలు, సవరణల సంఖ్యలు నేర్పుతుంది. కొలవడం సులువు, ఎస్‌ఎస్‌ఎల్‌సీ పరీక్షకు పనికొస్తుంది. పునాది లేకుండా చర్చ గాలికబుర్లు అవుతుందన్న దీని వాదనలో నిజం ఉంది. కానీ 42వ సవరణ 1976లో వచ్చిందని తెలిసిన పిల్లవాడికి, 1978లో 44వది ఎందుకు అవసరమైందో తెలియకపోవచ్చు.

విలువల పద్ధతి పీఠిక పఠనాన్ని, నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవాన్ని ముందుకు తెస్తుంది. రాజ్యాంగం తమదన్న భావం కలిగిస్తుంది. కులవివక్ష ఎదుర్కొన్న పిల్లలకు సమానత్వం అన్న మాటను అందరి ముందు గట్టిగా చదవడం చిన్న విషయం కాదు. అయితే పఠనం ప్రశ్నకు చోటివ్వకపోతే అది ఉదయపు ప్రార్థనలో మరో వాక్యంగా మిగులుతుంది.

ఆధారాల పద్ధతి రాజ్యాంగ సభ చర్చలు, తీర్పులు, ప్రకటనలను నేరుగా చదివిస్తుంది, నమూనా సభలు పెట్టిస్తుంది. బెంగళూరులోని సెంటర్ ఫర్ లా అండ్ పాలసీ రీసెర్చ్ ఆ చర్చలను వెతికి చదువుకునే వీలున్న రూపంలో అందుబాటులోకి తెచ్చింది, రాజ్యాంగంపై జాతీయ స్థాయి క్విజ్ కూడా నడుపుతోంది. ఆలోచన పదును పెట్టడంలో ఈ పద్ధతికి సాటి లేదు. సమయం, ఇంగ్లిషు, సన్నద్ధుడైన ఉపాధ్యాయుడు కావాలి. అందుకే ఇది ఖరీదైన బడులను దాటి రావడం లేదు.

అనుభవ పద్ధతి వార్డు, పంచాయతీ, సమాచార హక్కు దరఖాస్తుల ద్వారా నేర్పుతుంది. చిల్డ్రన్స్ మూవ్‌మెంట్ ఫర్ సివిక్ అవేర్‌నెస్, జనాగ్రహ వంటి బెంగళూరు సంస్థలు ఈ దారిలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాయి. స్థానిక సంస్థలకు సంబంధించిన 73, 74వ సవరణలు పుస్తకంలో కాక వీధిలో అర్థమవుతాయి. కానీ వీధిదీపం గురించి అర్జీ రాయడం నేర్చిన విద్యార్థికి, సవరణాధికారానికి హద్దు ఎందుకన్న ప్రశ్న దానంతట అది తట్టదు.

పోల్చి చూస్తే సమాచారం జ్ఞాపకాన్ని, విలువలు అనుబంధాన్ని, ఆధారాలు విచక్షణను, అనుభవం సామర్థ్యాన్ని ఇస్తాయి. ఇవి పోటీ పడాల్సినవి కావు, వరసగా రావాల్సినవి. ఆరు, ఏడు తరగతుల్లో విలువలు, అనుభవం, ఎనిమిదిలో సమాచారం, తొమ్మిది, పది తరగతుల్లో ఆధారాలు ముందుకు రావడం పిల్లల ఎదుగుదలకు సరిపోతుంది.

ఇంకా తేలనివి

మొదటిది, మౌలిక స్వరూప సిద్ధాంతాన్ని ఎలా పరిచయం చేయాలి? ప్రజాస్వామ్యాన్ని కాపాడిన కవచంగానా, ఎన్నిక కాని న్యాయమూర్తులు ఎన్నికైన సభపై పెట్టిన కళ్లెంగానా? న్యాయమూర్తుల నియామకాలకు సంబంధించిన 99వ సవరణను సగానికి పైగా రాష్ట్రాలు ఆమోదించినా 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రెండు వైపులా బలమైన వాదనలున్నాయి కాబట్టి పాఠం తీర్పు చెప్పకుండా రెండూ వినిపించాలి.

రెండోది, రాష్ట్రాల పాత్ర. మన దగ్గర సవరణ మొదలుపెట్టగలిగేది పార్లమెంటు మాత్రమే. అమెరికాలో సవరణకు నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి. అక్కడ 1789 నుంచి వచ్చినవి 27 సవరణలైతే, మన దగ్గర 2023 నాటికి 106. ఇది మన రాజ్యాంగం సజీవమని చెబుతుందా, కేంద్రం బలమైనదని చెబుతుందా? సంఖ్యను చెప్పి వదిలేయకుండా ఈ ప్రశ్న అడగడమే పాఠం.

మూడోది భాష. కర్ణాటక పాఠ్యపుస్తకాలు తెలుగుతో సహా ఏడు భాషల్లో అచ్చవుతాయి. కోలారు, చిక్కబళ్ళాపురం, బెంగళూరు తెలుగు పిల్లలకు పాఠం సొంత భాషలో అందుతుంది. మూల ఆధారాలు మాత్రం ఇంగ్లిషు వాకిట్లోనే ఆగిపోతున్నాయి. పటేల్ వివరణ, మైసూరు ప్రకటన, హైదరాబాదు ఫర్మానా, 368వ అధికరణం, మినర్వా తీర్పులో రెండు పేజీలు కలిపి పది పేజీల సంకలనం తెలుగులో, కన్నడంలో రావడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

నాలుగోది పరీక్ష. ‘ఎప్పుడు’ అని అడిగినంతకాలం తరగతిలో ‘ఎందుకు’ నిలబడదు. ఒక చిన్న భాగం ఇచ్చి, ఇది ఏ రకం మార్పు, దీనికి ఎవరి ఆమోదం కావాలి అని అడిగే ఒక్క ప్రశ్న పదో తరగతి ప్రశ్నపత్రంలో చోటు చేసుకున్నా బోధన దారి మారుతుంది.

ఎటు వెళ్లాలి

చరిత్ర, న్యాయం, బోధన మూడింటినీ కలిపి చూస్తే ఒక నిర్ణయానికి రావచ్చు. ఆమోదాన్నీ సవరణనూ రెండు పాఠాలుగా విడదీయడం వల్లే రెండూ నీరసించాయి. రాజ్యాంగ సభకు పూర్తి ప్రజామోదం లేదన్న లోటును 1951-52 నుంచి జరిగిన ఎన్నికలు, కోర్టుల్లో పౌరుల వాదనలు, మంచివీ చెడ్డవీ అయిన సవరణలు, వాటిని సరిదిద్దిన సవరణలు నింపుతూ వచ్చాయి. సమ్మతి ఒకసారి ఇచ్చి మరిచేది కాదని విద్యార్థికి అర్థమైతే తేదీలు వాటంతటవే గుర్తుంటాయి, పీఠిక పఠనానికీ అర్థం వస్తుంది.

1988లో పార్లమెంటు ఆమోదించిన 61వ సవరణ ఓటు వయసును 21 నుంచి 18కి దించింది. పదో తరగతి విద్యార్థి రెండు మూడేళ్లలో ఓటరు అవుతున్నది ఆ మార్పు వల్లే. సవరించే సభను ఎన్నుకోబోయే వ్యక్తికి, ఆ సభ ఏం చేయగలదో, దేన్ని ముట్టుకోకూడదో, అడ్డు చెప్పగలిగేది ఎవరో బడి వదిలేలోపు చెప్పి తీరాలి. ఆ బాధ్యతను పాఠ్యప్రణాళిక, పరీక్షల మండలి, ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు కలిసి మోయాలి.